126 ఎప్పుడు 7 అవుతుంది?

పరగడుపున తీసిన రక్తంలో గ్లూకోజు 126 అని గుంటూరు ల్యాబు కాగితం మీద ఉంటే దాని అర్థం ఇంట్లో అందరికీ తెలుసు. షుగరు గీత దాకా వచ్చేసిందన్నమాట. అదే మనిషి లండన్‌లోనో టొరంటోలోనో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లి అక్కడ పరీక్ష చేయించుకుంటే కాగితం మీద 7.0 అని వస్తుంది. డాలస్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళితే మళ్లీ 126. రక్తం మారలేదు, అందులోని చక్కెరా మారలేదు. ఒక దేశంలో దాన్ని బరువు పెట్టి చెబుతున్నారు, ఇంకో దేశంలో అణువులు లెక్కపెట్టి చెబుతున్నారు.

క్రియాటినిన్ దగ్గరికి వచ్చేసరికి కంగారు ఇంకా ఎక్కువ. ఇక్కడ 1.0 అని వస్తే చాలామంది పెద్దవాళ్లు నిశ్చింతగా ఇంటికి వెళతారు. లండన్ కాగితం మీద అదే 88 అవుతుంది. అంకె ఒక్కటే చూసినవాళ్లకు కిడ్నీలు పోయాయేమోనని గుండె గుభేలుమంటుంది. అంకె పక్కన చిన్న అక్షరాల్లో అచ్చయిన ప్రమాణాన్ని కూడా చదివితే ఆ భయం అక్కర్లేదు.

రసాయనశాస్త్రం పుస్తకం ఏది తెరిచినా మొదట్లోనే ప్రమాణాల పాఠం ఉంటుంది. దాన్ని అంతే తొందరగా దాటేస్తారు కూడా. కిలో అంటే వెయ్యి, మిల్లీ అంటే వెయ్యో వంతు, దశాంశ బిందువును ఇటు మూడు స్థానాలు, అటు మూడు స్థానాలు జరపడం నేర్పించి, పరమాణు నిర్మాణంలోకి వెళ్లిపోతారు. మన తరగతి గదుల్లో అన్నిటికంటే ఎక్కువ అన్యాయం జరిగేది ఈ పాఠానికే. తర్వాత రెండేళ్లలో పిల్లలు లెక్కల్లో పోగొట్టుకునే మార్కుల్లో చాలా భాగం ఇక్కడే జారిపోతాయి. మార్కులు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. ఇదే పొరపాటు ఆకాశంలో జరిగితే ఏమవుతుందో 1983లో కెనడా చూసింది.

ఆ ఏడాది జులై 23న ఎయిర్ కెనడా 143వ నంబరు విమానం మాంట్రియల్ నుంచి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్ వెళ్లాలి. విమానం కొత్త బోయింగ్ 767. కెనడా అప్పుడప్పుడే పౌన్ల నుంచి కిలోలకు మారుతోంది. ఆ సంస్థలో ఇంధనాన్ని కిలోల్లో లెక్కించే మొదటి రకం విమానం ఇదే. ఆ రోజు ట్యాంకుల్లో ఎంత ఇంధనం ఉందో చూపించే మీటర్లు పనిచేయడం లేదు. దాంతో సిబ్బంది ట్యాంకుల్లో మట్టాన్ని కొలపుల్లతో కొలిచి, పట్టిక చూసి లీటర్లలోకి మార్చారు. 7,682 లీటర్లు ఉన్నట్టు తేలింది. ప్రయాణానికి కావాల్సింది 22,300 కిలోలు. ఇంకా ఎన్ని లీటర్లు పోయాలన్నదే ప్రశ్న. ఇంటర్ విద్యార్థి చేయగల లెక్క ఇది.

లీటర్లను కిలోల్లోకి మార్చాలంటే సాంద్రత కావాలి. ఇంధనం నింపే సిబ్బంది కాగితాల మీద 1.77 అని ఉంది. దాని పక్కన ప్రమాణం లేదు. వాళ్లు 7,682ను 1.77తో గుణించారు. 13,597 వచ్చింది. ఇవి కిలోలే అనుకుని 22,300లోంచి తీసేశారు. మిగిలిన 8,703ను మళ్లీ 1.77తో భాగించి, సుమారు 4,900 లీటర్లు పోస్తే సరిపోతుందని తేల్చారు. లెక్కను ఒకటికి రెండుసార్లు సరిచూశారు. గుణకారం, భాగహారం రెండూ తప్పుల్లేకుండా ఉన్నాయి.

కానీ 1.77 అన్నది ఒక లీటరు ఇంధనం పౌన్లలో ఎంత తూగుతుందో చెప్పే అంకె. కిలోల్లో అయితే అది 0.803. ఆ లెక్కన ట్యాంకుల్లో అప్పటికి ఉన్నది 6,169 కిలోలే. పోయాల్సింది 20,000 లీటర్ల పైమాట. 22,300 కిలోలు ఉన్నాయనుకుని ఎగిరిన విమానంలో నిజానికి ఉన్నది 22,300 పౌన్లు, అంటే కావాల్సినదాంట్లో సగం కూడా లేదు.

నీటి సాంద్రత లీటరుకు ఒక కిలో అని అందరికీ తెలుసు. విమాన ఇంధనం ఒక రకం కిరోసిన్, నీటి మీద తేలుతుంది. మరి దాని సాంద్రత లీటరుకు 1.77 కిలోలు ఎలా అవుతుంది? 1.77 పక్కన ‘కిలోలు’ అని ఎవరైనా కలంతో రాసి ఉంటే, ఆ రాసిన చేతికే అనుమానం వచ్చేది. ప్రమాణం లేకుండా తిరిగిన అంకెను ప్రశ్నించే అవకాశం ఎవరికీ రాలేదు.

విమానం 41,000 అడుగుల ఎత్తులో ఉండగా ఒక ఇంజను ఆగింది, కాసేపటికి రెండోదీ ఆగింది. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు ఇంజను లేని గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. సహ పైలట్ మారిస్ క్వింటాల్ ఒకప్పుడు వైమానిక దళంలో పనిచేశాడు. మానిటోబా రాష్ట్రంలో గిమ్లీ అనే చోట ఉన్న పాత స్థావరం అతనికి తెలుసు. ఆ రన్‌వే అప్పటికి మోటారు పందేలకు వాడుకలో ఉంది, ఆ రోజు అక్కడ జనం కూడా ఉన్నారు. ఇద్దరూ కలిసి విమానాన్ని గాలిలో తేలించుకుంటూ వచ్చి అక్కడ దించారు. ముందు చక్రం ముడుచుకుపోయి ముక్కు నేలను రాసుకుంది. లోపలున్న 69 మందీ బతికారు.

ఈ కథలో రెండు రకాల మార్పిడులు కలగలిసిపోయాయి. పౌన్లను కిలోల్లోకి మార్చడం ఒక రకం. ఒక పౌను 0.4536 కిలోలు. అది ఇనుమైనా, దూదైనా, కిరోసిన్ అయినా ఆ అంకె మారదు. లీటర్లను కిలోల్లోకి మార్చడం వేరే రకం. ఏ పదార్థానికి ఆ పదార్థపు అంకె కావాలి, దాని ఉష్ణోగ్రత కూడా తెలియాలి. వంటనూనె ప్యాకెట్టు మీద ఒక లీటరు అని, దాని పక్కనే 910 గ్రాములని అచ్చు వేయడానికి కారణం ఇదే. లీటరు పాలు తూస్తే 1,030 గ్రాముల దరిదాపుల్లో వస్తాయి. నీటికి ఉన్న ‘లీటరు అంటే కిలో’ అన్న లెక్కను ఆల్కహాలుకు, సల్ఫ్యూరిక్ ఆమ్లానికి కూడా వాడేసి ప్రయోగశాలలో బోల్తాపడే విద్యార్థులు ప్రతి ఏటా కనిపిస్తారు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం లీటరుకు 1.84 కిలోలు తూగుతుంది.

ఈ తేడా మన పూర్వీకులకు బాగా తెలుసు. ధాన్యాన్ని మానికతోనో కుంచంతోనో కొలిచేవారు. బెల్లాన్ని, చింతపండును వీశెల్లో తూచేవారు. గిద్దలు నాలుగైతే సోల, సోలలు రెండైతే తవ్వ, తవ్వలు రెండైతే మానిక, మానికలు నాలుగైతే కుంచం. తూకంలో మూడు తులాలు పలం, నలభై పలాలు వీశె, ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు బారువ. తులం 11.66 గ్రాములు కాబట్టి, 120 తులాల వీశె ఇప్పటి లెక్కలో 1.4 కిలోలు. సంతలో బేరానికి ఈ కొలతలు చక్కగా సరిపోయాయి. సగానికి సగం, అందులో మళ్లీ సగం చేయడం చేతికి సులువు. కానీ ప్రాంతం మారితే మానిక మారేది. పైగా 3, 40, 8, 20 అని మెట్టు మెట్టుకూ మారే గుణకాలతో ఏడెనిమిది మెట్లున్న రసాయన లెక్క చేయడం నరకం.

ఆ నరకాన్ని పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులో దగ్గరనుంచి చూసినవాడు ఆంత్వాన్ లావోయిజియే. రసాయన చర్యకు ముందు, తర్వాత మొత్తం ద్రవ్యరాశి మారదన్న సూత్రాన్ని ఆయన త్రాసు మీద నిలబెట్టాడు. ఒక్కో దేశానిదీ, ఒక్కో ఊరిదీ ఒక్కో పౌను కావడంతో ఒకరి ఫలితాలను ఇంకొకరు సరిచూడటమే కష్టమయ్యేది. 1789లో వెలువడిన తన రసాయనశాస్త్ర గ్రంథంలోనే ఆయన తోటి శాస్త్రజ్ఞులకు ఒక దారి చూపించాడు. ఎవరి పౌను వాళ్లే వాడుకున్నా, దాన్ని పదో వంతులు, వందో వంతులు, వెయ్యో వంతులుగా విడగొట్టి రాయమన్నాడు. నిష్పత్తులను పోల్చడానికి అది చాలు. విప్లవం వచ్చాక కొత్త కొలతల కమిషన్‌లో ఆయన సభ్యుడయ్యాడు. హాయీ అనే ఖనిజశాస్త్రవేత్తతో కలిసి, తెలిసిన ఘనపరిమాణంలో ఉన్న నీరు ఎంత తూగుతుందో కొలిచాడు. 1794 మే 8న విప్లవ ప్రభుత్వమే ఆయన తల నరికించింది. ఆ తర్వాత ఏడాది కూడా తిరక్కుండానే, 1795 ఏప్రిల్ 7న, మీటరును, లీటరును, గ్రామును చట్టం చేశారు.

మెట్రిక్ పద్ధతి గొప్పతనం పదుల్లో ఉందని అందరూ చెబుతారు. అది నిజమే. కానీ రసాయనశాస్త్రానికి దానికంటే పెద్ద మేలు చేసింది పొడవుకు, ఘనపరిమాణానికి, ద్రవ్యరాశికి నీటితో వేసిన ముడి. పది సెంటీమీటర్ల భుజమున్న ఘనంలో పట్టేది ఒక లీటరు. అందులో నీరు నింపితే దాదాపు ఒక కిలోగ్రాము. ఒక ఘన సెంటీమీటరు నీరు ఒక మిల్లీలీటరు, ఒక గ్రాము. సిరంజి మీద సీసీ అని ఉన్నా, మి.లీ. అని ఉన్నా ఒకటే కావడం ఇందువల్లే. మధ్యలో 1901 నుంచి 1964 దాకా లీటరును కిలో నీటితోనే నిర్వచించారు. అప్పుడది 1.000028 ఘన డెసిమీటర్లు అయి కూర్చుంది. లక్షకు మూడు వంతులు కూడా లేని ఆ తేడాను సైతం శాస్త్రజ్ఞులు ఓర్చుకోలేదు. 1964లో లీటరును మళ్లీ ఘన డెసిమీటరుకు సమానం చేశారు.

మన దేశంలో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలయ్యాయి. 1958 అక్టోబరు నుంచి కిలో రాళ్లు దశలవారీగా దుకాణాల్లోకి వచ్చాయి. అయినా ఇప్పటికీ భూమిని ఎకరాల్లో, సెంట్లలో, గుంటల్లో, గజాల్లోనే కొంటున్నాం. బంగారం తులాల్లో అడుగుతున్నాం, అయితే కొట్లో తులమంటే చాలాచోట్ల నిండుగా 10 గ్రాములుగా కుదురుకుంది. నీళ్ల వార్తలన్నీ క్యూసెక్కుల్లో, టీఎంసీల్లో వస్తాయి.

టీఎంసీ మంచి పాఠం. అది వెయ్యి మిలియన్ల ఘనపుటడుగులు, అంటే వంద కోట్లు. ఒక అడుగు 0.3048 మీటర్లు. ఇక్కడే చాలామంది తడబడతారు. వంద కోట్లను 0.3048తో ఒక్కసారి గుణించి ఘనమీటర్లు వచ్చాయనుకుంటారు. కొలిచేది పెట్టె కాబట్టి పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ మారాలి, గుణకాన్ని మూడుసార్లు వేయాలి. అలా వేస్తే ఒక ఘనపుటడుగు 0.0283 ఘనమీటర్లు అవుతుంది, ఒక టీఎంసీ 2.83 కోట్ల ఘనమీటర్లు, అంటే 2,830 కోట్ల లీటర్లు అవుతుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 11,574 క్యూసెక్కుల ప్రవాహం రోజంతా సాగితే ఒక టీఎంసీ. ఈ ఒక్క అంకె గుర్తుంటే శ్రీశైలానికి లక్ష క్యూసెక్కుల వరద వస్తోందన్న వార్త చదివినప్పుడు, ఆ రోజు ఎనిమిదిన్నర టీఎంసీలకు పైగా చేరబోతోందని పాఠకుడే లెక్క కట్టుకోవచ్చు.

ఘనమీటరును ఘన సెంటీమీటర్లలోకి మార్చినా ఇంతే. మీటరుకు వంద సెంటీమీటర్లు కాబట్టి ఘనమీటరుకు వంద ఘన సెంటీమీటర్లని రాసే విద్యార్థి వట్టి సున్నాల్లో పొరబడ్డానని అనుకుంటాడు. సరైన జవాబు పది లక్షలు. అతని జవాబు పదివేల రెట్లు తక్కువ.

ఇలాంటి తప్పులను ఆపే పద్ధతి ఒకటి ఉంది. ప్రమాణాన్ని కూడా అంకెలాగే చూడాలి. గుణించాలి, భాగించాలి, పైనా కిందా ఒకటే ఉంటే కొట్టేయాలి. 1 గ్రాము, 1,000 మిల్లీగ్రాములు ఒకటే కాబట్టి ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే వచ్చేది ఒకటి. ఏ రాశినైనా ఒకటితో గుణిస్తే దాని విలువ మారదు, వేషం మాత్రమే మారుతుంది. మార్పిడి అంటే అంతే. చివర్లో మిగిలిన ప్రమాణం మనం అడిగినదే అయితే దారి సరైనదన్నట్టు. ‘లీటరు వర్గం’, ‘మిల్లీగ్రాముకు గ్రాము వర్గం’ లాంటివి మిగిలితే, గుణించాల్సిన చోట భాగించామని కాగితమే చెబుతుంది. గిమ్లీ లెక్కలో ఈ పద్ధతి వాడి ఉంటే 13,597 పక్కన ‘పౌన్లు’ అని దానంతట అదే వచ్చి నిలబడేది.

తెలుగు నేల మీద ఈ లెక్క అవసరం పడే చోటు తాగునీరు. నీటిలో ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగిపోయే జబ్బు గురించి మన దేశంలో మొదటి వైద్య నివేదికలు 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి వచ్చాయి. ఆ తర్వాతి కాలంలో నల్లగొండ జిల్లా పేరు ఈ బాధకే పర్యాయంగా మారిపోయింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుక్కి దించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు.

తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీరు దొరకకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. పరీక్షల కాగితాల మీద కొన్నిసార్లు ఇదే 1.5 పీపీఎం అని ఉంటుంది. పీపీఎం అంటే పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులని. లీటరు నీరు ఒక కిలో, కిలో అంటే పది లక్షల మిల్లీగ్రాములు. కాబట్టి నీటి విషయంలో లీటరుకు ఒక మిల్లీగ్రామన్నా, ఒక పీపీఎం అన్నా దాదాపు ఒకటే. ఈ సౌలభ్యం నీటి సాంద్రత ఇచ్చింది. నూనెలోనో గాలిలోనో ఇది చెల్లదు.

బావిలో 4 పీపీఎం ఉందనుకుందాం. ఎండాకాలంలో పొలం పని చేసే మనిషి రోజుకు నాలుగు లీటర్లు తాగితే, లీటరుకు 4 మి.గ్రా. చొప్పున 16 మి.గ్రా. ఫ్లోరైడు ఒంట్లోకి వెళుతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకు మొత్తంలో ఉండే ఫ్లోరైడు 4 గ్రాములు, అంటే చెంచాడు కూడా కాదు. కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు. ఆ నాలుగు గ్రాములే ఏళ్ల తరబడి తాగినవాళ్ల నడుం విరిచాయి. ‘మిల్లీ’ అన్న మాటను చిన్నచూపు చూడకూడదని ఆ జిల్లాల పెద్దలను చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక మొదట్లో అడిగిన ప్రశ్న. రసాయన చర్యలో పాల్గొనేవి అణువులు, వాటికి తూకం అక్కర్లేదు, సంఖ్య కావాలి. కానీ అణువులను ఎవరూ చేత్తో లెక్కపెట్టలేరు, తూచగలరు. ఈ రెంటి మధ్య వంతెన మోల్. 1971లో దీన్ని అంతర్జాతీయ మూల ప్రమాణాల్లో చేర్చారు. 2019 మే 20 నుంచి మోల్ అంటే కచ్చితంగా 6.02214076 × 10²³ కణాలు. అదే రోజు కిలోగ్రాముకూ కొత్త నిర్వచనం అమల్లోకి వచ్చింది. ప్యారిస్ దగ్గర సెవ్ర్‌లో గాజు గంటల కింద దాచిన ప్లాటినం–ఇరిడియం దిమ్మెకు 1889 నుంచి ఉన్న అధికారం పోయింది, ప్లాంక్ స్థిరాంకం ఆ స్థానంలోకి వచ్చింది. ఆ దిమ్మెకు నకళ్లలో 57వది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంది.

గ్లూకోజు అణువులో 6 కార్బన్లు, 12 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు. 72, 12, 96 కలిపితే 180. అంటే ఒక మోల్ గ్లూకోజు 180 గ్రాములు, ఒక మిల్లీమోల్ 180 మిల్లీగ్రాములు. గుంటూరు కాగితం మీద ఉన్నది డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు. లీటరుకు పది డెసిలీటర్లు కాబట్టి లీటరుకు 1,260 మిల్లీగ్రాములు. దాన్ని 180తో భాగిస్తే లీటరుకు 7 మిల్లీమోల్‌లు. లండన్ కాగితం మీద ఉన్నది ఇదే. పది, నూటెనభై కలిసి 18 అయ్యాయి, డాక్టర్లు నోటికి చెప్పే ‘పద్దెనిమిదితో భాగించు’ అన్న చిట్కా ఇలా వచ్చిందే. అయితే ఈ 18 గ్లూకోజు సొంతం, కొలెస్టరాల్‌కు పనికిరాదు. దాని అణువు 387 తూగుతుంది కాబట్టి అక్కడ 38.7 కావాలి. క్రియాటినిన్ అణువు 113. దాన్ని లండన్‌లో మైక్రోమోల్‌ల్లో చెబుతారు కాబట్టి 1.0 కాస్తా 88 అవుతుంది.

మందుల దగ్గర అంకెలు ఇంకా మోసం చేస్తాయి. వారానికొకటి వేసుకోమని రాసే విటమిన్ డీ3 మాత్ర మీద 60,000 అని ఉంటుంది. అవి మిల్లీగ్రాములు కావు, అంతర్జాతీయ యూనిట్లు. ఈ విటమిన్‌లో 40 యూనిట్లు ఒక మైక్రోగ్రాము, కాబట్టి అరవై వేలు కలిస్తే ఒకటిన్నర మిల్లీగ్రాములు. థైరాయిడ్ మాత్ర మీద ఉండే 100 అన్నది మైక్రోగ్రాములు. దాన్ని మిల్లీగ్రాములని పొరబడితే వెయ్యి రెట్లు తేడా.

ఇన్సులిన్ అయితే ఇంటింటి విషయం. మన మందుల షాపుల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది రెండూ దొరుకుతాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. సిరంజి మీద గీతలు యూనిట్లలో ఉంటాయి గానీ, ఆ సిరంజి ఏ మందు కోసం చేశారో దానికే అవి చెల్లుతాయి. 20 యూనిట్లు వేసుకోవాల్సిన మనిషి 40 రకం మందును నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మి.లీ., అందులో 8 యూనిట్లే ఉంటాయి. షుగరు దిగదు. అటుది ఇటైతే ప్రాణం మీదికొస్తుంది. 100 రకం మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే 0.5 మి.లీ., అంటే 50 యూనిట్లు. ఇన్సులిన్ వాడే ప్రతి ఇంట్లో ఒక్కరైనా సీసా మీది అంకెను, సిరంజి మీది అంకెను పక్కపక్కన పెట్టి చూడటం నేర్చుకుని తీరాలి.

గుణకారంతో మాత్రమే తీరని మార్పిడి ఉష్ణోగ్రత. జ్వరాన్ని ఇళ్లలో ఫారన్‌హీట్‌లో చెబుతాం, ఎండను సెల్సియస్‌లో చెబుతాం. 37 డిగ్రీల సెల్సియస్ 98.6 ఫారన్‌హీట్. ఈ రెండు కొలమానాలకు సున్నా ఒకే చోట లేదు. అందుకే 1.8తో గుణించాక 32 కలపాలి. వాయువుల లెక్కలకు ఈ రెండూ పనికిరావు. కణాల కదలికతో నేరుగా ముడిపడిన సున్నా కావాలి, అది కెల్విన్ కొలమానంలో ఉంది. సెల్సియస్‌కు 273 కలిపితే కెల్విన్ వస్తుంది.

వంటింటి గ్యాస్ బండ మీద ఈ లెక్కంతా ఒకసారి వేసి చూడవచ్చు. బండలో ఉండేది 14.2 కిలోలు. అది బ్యూటేన్, ప్రొపేన్‌ల మిశ్రమం, లెక్క సులువు కోసం అంతా బ్యూటేనే అనుకుందాం. బ్యూటేన్ మోల్ 58 గ్రాములు. 14,200 గ్రాములను 58తో భాగిస్తే సుమారు 245 మోల్‌లు. గది 27 డిగ్రీలంటే 300 కెల్విన్. పీడనం ఒక అట్మాస్ఫియర్. వాయు స్థిరాంకాన్ని 0.0821 లీటరు–అట్మాస్ఫియర్లుగా తీసుకుని గుణిస్తే సుమారు 6,030 లీటర్లు వస్తుంది. స్థిరాంకాన్ని 8.314 జౌళ్లుగా తీసుకుని, పీడనాన్ని 1,01,325 పాస్కల్‌లుగా రాస్తే 6.03 ఘనమీటర్లు. రెండూ ఒకటే. 8.314ను తీసుకుని పీడనాన్ని అట్మాస్ఫియర్లలోనే ఉంచేసినవాళ్లకు ఆరు లక్షల పైచిలుకు వస్తుంది. 300 బదులు 27 వేసినవాళ్లకు 543 లీటర్లే వస్తుంది, ప్రమాదం పదకొండు రెట్లు తక్కువగా కనిపిస్తుంది.

పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న వంటగది వెయ్యి ఘనపుటడుగులు, అంటే 28.3 ఘనమీటర్లు. గాలిలో ఈ గ్యాస్ సుమారు 2 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. 28.3లో 2 శాతం 0.566 ఘనమీటర్లు, అంటే 566 లీటర్లు. 27 డిగ్రీల దగ్గర ఒక మోల్ వాయువు 24.6 లీటర్లు ఆక్రమిస్తుంది కాబట్టి అది 23 మోల్‌లు, తూకంలో 1.3 కిలోలు. అంటే బండలో పదో వంతు కారితే చాలు. అది కూడా గ్యాస్ గదంతా సమంగా పరుచుకుంటుందని వేసిన లెక్క. నిజానికి అది గాలి కంటే బరువు, కిందికి దిగి నేలబారున చేరుతుంది కాబట్టి ఇంకా తక్కువకే ఆ మోతాదు కుదురుతుంది. వాసన లేని ఈ గ్యాస్‌లో ఘాటైన వాసనగల మెర్కాప్టాన్ అనే రసాయనం కలిపేది ఇందుకే. అంటుకోవడానికి కావాల్సిన మోతాదులో ఐదో వంతు చేరేసరికే ముక్కుకు తెలియాలన్నది నియమం. ఈ గదిలో అది 0.4 శాతం, 113 లీటర్లు, 4.6 మోల్‌లు, అంటే పావు కిలో దాటి ఇంకో పదిహేడు గ్రాములు.